హాలీ సిక్కా, కల్దారు రూపాయి



నాణెము క్షీణించినచో వాటాల విపణి యేమగును? ఈ ప్రశ్నకు సమాధానము మన కరీంనగరు, ఆదిలాబాదు సీమల పాత సంతలయందే కొంత లభించును.

నిజాము రాజ్యమున హాలీ సిక్కా చెల్లెడిది. ప్రాణహిత దాటి చాందా జిల్లాలో అడుగిడినంతనే ఆంగ్లేయుల కల్దారు రూపాయి చెల్లెడిది. 1893లో ఆంగ్లప్రభుత్వము తన టంకశాలలను ప్రజల వెండికి మూసివైచెను. కల్దారు వెండి వెలను మించి నిలిచెను. హాలీ సిక్కా వెండితోపాటు క్రుంగెను. 1904లో చార్మినారు ముద్రగల క్రొత్త రూపాయి వెలువడిన పిమ్మట మారకము క్రమముగా కుదుటబడి, నూరు కల్దారులకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ అను లెక్క వాడుకయైనది. అనగా ఆరింటికి ఏడు.

ఒక ప్రత్తివర్తకుడు బొంబాయిలో 600 కల్దారులు గడించెననుకొందము. ఈ లెక్కన వానికి 700 హాలీ వచ్చును. హాలీ క్షీణించి నూటికి 125 అయినచో 750 వచ్చును. కాని ప్రత్తి యేరిన కూలికి ముట్టునవి మునుపటి హాలీ పైసలే. సముద్రతీరములేని యీ రాజ్యమునకు ఉప్పు వెలుపలినుండియే రావలెను. దాని వెల మాత్రము పెరుగును. ఒకరి లాభము వేరొకరి పళ్ళెములోనిదే.

వాటాల తీరును ఇట్టిదే. 1938లో సిర్పూరు కాగితపు మిల్లు స్థాపితమైనది; 1943లో హైదరాబాదున వాటాల విపణి యేర్పడినది. నాణెము దిగిన, పరదేశపు కాగితము ప్రియమై ఇచ్చటి కాగితమునకు గిరాకి హెచ్చును. కాని పరదేశ యంత్రములు కొనవలసిన మిల్లునకు వ్యయమును హెచ్చును. పరదేశపు మదుపరి తన లాభము తన నాణెములో తరుగునని భయపడి వాటాలమ్మును. కావున నాణెము దిగినంతనే వాటాలన్నియు ఒక్కత్రోవనే పోవు.

హాలీ సిక్కా చెలామణి 1959లో ముగిసినది. 1966 జూన్‌లో డాలరు 4.76 రూపాయలనుండి 7.50కి చేరినప్పుడును ఈ న్యాయమే వర్తించినది. నేడు జగిత్యాల, నిర్మల గ్రామములనుండి గల్ఫునకేగిన కుమారుడు పంపు దిర్హములకు ఎక్కువ రూపాయలు వచ్చును. ఆ గ్రామముననే పొలమునకు నీరుతోడు రైతు డీజిలుకు ఎక్కువ చెల్లించును.

కనుక వాటా కొనువారు ముందడుగవలసినది ఒక్కటే: ఈ సంస్థకు రాబడి యే నాణెములో, అప్పు ఏ నాణెములో? కూలివాని కీ ప్రశ్న నడుగు తావు లేదు. వానిని తలచుట ప్రభుత్వముల ధర్మము.