దారిలో దోస్తుల ఇల్లు

పోయిన చలికాలం ఒక రాత్రి దోహా నుంచి ఫోను వచ్చింది. చేసింది నా స్కూలు దోస్తు. ఉర్దూ మీడియంలో పదేళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లం. నేను తెలుగు డిగ్రీ చేసి అఖ్బార్ల పనిలో పడ్డాను, వాడు డాక్టరయ్యాడు. జోర్డాన్‌లో సిరియా శరణార్థుల క్యాంపులో పది రోజులు వైద్య ఖిద్మత్ చేయడానికి బయల్దేరాడు. దారిలో దోహాలో ఉంటున్న మా ఇంకో క్లాస్‌మేట్ ఇంట్లో రెండు రోజులు ఆగాడు.

‘‘పోయేదేమో బీమార్ల దగ్గరికి. ఇక్కడ చూస్తే రెండు పూటలా దావతులు, పాత ముచ్చట్లు, నవ్వులు. శరమ్‌గా ఉంది యార్’’ అన్నాడు.

‘‘డాక్టర్ అన్సారీ పేరు విన్నావు కదా?’’ అన్నాను.

‘‘ఢిల్లీలో రోడ్డుంది’’ అన్నాడు.

రోడ్డు పేరుగా మిగిలిపోయిన ఆ మనిషి సంగతి వాడికి ఫోనులో సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

ముఖ్తార్ అహ్మద్ అన్సారీ 1880లో ఘాజీపూర్ జిల్లా యూసుఫ్‌పూర్‌లో పుట్టారు. మన హైదరాబాద్‌తోనూ ఆయనకు రిష్తా ఉంది. నిజాం సర్కారు వజీఫాతోనే పై చదువుకు విలాయత్ వెళ్లారు. లండన్ ఆస్పత్రుల్లో సర్జన్‌గా పేరు తెచ్చుకుని, తిరిగొచ్చి ఢిల్లీలో ప్రాక్టీసు పెట్టారు. 1912 అక్టోబరులో బాల్కన్ యుద్ధం మొదలైంది. ఒకవైపు బల్గేరియా, సెర్బియా, గ్రీసు, మాంటెనెగ్రో, రెండోవైపు ఉస్మానియా సల్తనత్. జఖ్మీలతో ఇస్తాంబుల్ దవాఖానాలు నిండిపోయాయి. మౌలానా మహమ్మద్ అలీ తన ‘కామ్రేడ్’ పత్రిక ద్వారా చందా పోగుచేశారు. బాగా నడుస్తున్న ప్రాక్టీసును వదిలి అన్సారీ ఆ వైద్య బృందానికి నాయకుడయ్యారు. 1912 డిసెంబరులో బొంబాయి రేవు నుంచి ఓడ కదిలింది.

బృందంలో అందరూ డాక్టర్లు కారు. గాయాలకు కట్లు కట్టేవాళ్లు, రోగుల పక్కన రాత్రుళ్లు కూర్చునేవాళ్లు కావాలి కదా. ఆ పనికి అలీగఢ్ కుర్రాళ్లు ముందుకొచ్చారు. చౌధరీ ఖలీకుజ్జమాన్, షుఐబ్ ఖురేషీ, అబ్దుర్రహమాన్ సిద్దీఖీ వారిలో ఉన్నారు. అబ్దుర్రహమాన్ పెషావరీ అనే యువకుడూ ఉన్నాడు. ఇతని పేరు గుర్తుంచుకోండి.

అప్పటి సఫర్ ఇప్పటిలా గంటల లెక్క కాదు, రోజులూ వారాలూ పట్టేది. అక్కడికి చేరాక కూడా ఆస్పత్రి మర్నాడే తెరుచుకోదు. అనుమతులు కావాలి, జాగా చూడాలి, డేరాలు వేయాలి, నాలుగు మాటలు నేర్చుకోవాలి. ఈ ఇంతెజార్‌లోనే మనుషులతో పరిచయాలయ్యాయి. టర్కీ భాషను 1928 దాకా అరబీ లిపిలోనే రాసేవారు. అర్థం పూర్తిగా తెలియకపోయినా బోర్డు మీది అక్షరాన్ని అలీగఢ్ కుర్రాడు కూడబలుక్కోగలడు. టర్కీలో రోగిని ‘హస్తా’ అంటారు, మన ఉర్దూలోని ‘ఖస్తా’కు చుట్టం అది. దోస్త్‌ను వాళ్లూ దోస్త్ అనే అంటారు. అన్సారీ అక్కడి నుంచి రాసిన ఖతులు ‘కామ్రేడ్’లో అచ్చయ్యేవి. 1913 జూలైలో బృందం తిరిగొచ్చింది.

లెక్క చూస్తే ఆ బృందం యుద్ధాన్ని మార్చలేదు. 1913 మార్చిలోనే ఎడిర్నే నగరం శత్రువుల చేతికి పోయింది. ఏ ఖిలాఫత్ కోసం ఇక్కడ లక్షల మంది వీధుల్లోకి వచ్చారో, దాన్ని 1924లో టర్కీ వాళ్లే రద్దు చేశారు. మరి ఏం మిగిలింది?

దోస్తీ మిగిలింది. దానికి ఇద్దరు మెహమాన్లు, ఒక సమాధి సాక్ష్యం.

సమాధి పెషావరీది. బృందం తిరిగొచ్చినా అతను రాలేదు. ఉస్మానియా ఫౌజులో చేరాడు. తర్వాత అనటోలియాలో జాతీయోద్యమం మొదలయ్యాక అనదోలు వార్తాసంస్థ తొలినాళ్లలో అందులో పనిచేశాడు. ఒక జర్నలిస్టుగా ఈ వాక్యం రాస్తుంటే నాకు కొంచెం గర్వంగానే ఉంది. అంకారా ప్రభుత్వం అతన్ని కాబూల్‌కు తన రాయబారిగా పంపింది. జఖ్మీల సేవకు వెళ్లిన ఒక హిందుస్తానీ కుర్రాడు పరాయి దేశానికి రాయబారి అయ్యాడన్నమాట. 1925లో ఇస్తాంబుల్‌లో ఎవరో అతన్ని కాల్చారు. ఆ గాయాలతోనే చనిపోయాడు. టర్కీ నాయకుడు రవూఫ్ బేను చంపబోయి, పోలికలు కలవడంతో ఇతన్ని కాల్చారని చెబుతారు. వేరొకరి ముఖానికి గురిపెట్టిన తూటా ఇతనికి తగిలింది.

ఆ రవూఫ్ బేయే మొదటి మెహమాన్. ఒకప్పటి ప్రధానమంత్రి. కమాల్ అతాతుర్క్‌తో చెడిపోయి జలావతన్ బతుకు గడుపుతున్నారు. 1933లో అన్సారీ పిలుపు మీద ఢిల్లీ వచ్చి జామియా మిల్లియాలో తఖ్రీర్లు ఇచ్చారు. రెండో మెహమాన్ రచయిత్రి ఖాలిదా అదీబ్. ఆమె కూడా వతన్ వదిలి బతుకుతున్నారు. 1935లో జామియాలో ఉపన్యాసాలిచ్చారు. అన్సారీ ఇంట్లోనే దిగారు. ఆ ఇంటి పేరు దారుస్సలామ్. వాళ్ల సొంత దేశం తలుపు మూసిన రోజుల్లో ఢిల్లీలో ఒక డాక్టరు తలుపు తెరిచాడు. 1912లో వాళ్ల దేశానికి మెహమాన్‌గా వెళ్లినవాడు, ఇరవై ఏళ్లకు మేజ్బాన్ అయ్యాడు. మరుసటి ఏడాది, 1936లో, రైలు ప్రయాణంలోనే అన్సారీ కన్నుమూశారు.

ఇది ముసల్మాన్లకే పరిమితమైన కహానీ అనుకోవద్దు. 1938 సెప్టెంబరులో ఇంకో వైద్య బృందం అదే బొంబాయి నుంచి చైనాకు బయల్దేరింది. జపాన్ దాడిలో నలిగిపోతున్న చైనా నుంచి జనరల్ జూ ద నెహ్రూకు ఉత్తరం రాశాడు. కాంగ్రెస్ అధ్యక్షుడు సుభాష్ చంద్ర బోస్ చందాకు పిలుపిచ్చారు. అటల్, చోల్కర్, కోట్నీస్, బసు, ముఖర్జీ అనే ఐదుగురు డాక్టర్లు ఓడెక్కారు. నాయకుడు అటల్ అప్పటికే స్పెయిన్ యుద్ధంలో సేవ చేసి వచ్చినవాడు. కాంటన్‌లో సన్ యెట్ సేన్ భార్య సూంగ్ చింగ్ లింగ్ స్వయంగా ఎదురొచ్చి స్వాగతం చెప్పారు. ఐదుగురికీ చైనా పేర్లు పెట్టారు. అన్నిటి చివరా ‘హువా’ ఉంటుంది, చైనా అని దాని అర్థం. సోలాపూర్ ద్వారకానాథ్ కోట్నీస్ ‘క దిహువా’ అయ్యాడు. చుంగ్‌కింగ్‌లో ఉండగా తండ్రి పోయిన ఖబర్ అందింది. అయినా వెనక్కి రాలేదు. అక్కడే పెళ్లి చేసుకున్నాడు, కొడుకు పుట్టాడు. 1942 డిసెంబరులో 32 ఏళ్ల వయసులో చనిపోయాడు. ఆ కహానీని పుస్తకంగా రాసింది ఉర్దూ రచయిత ఖ్వాజా అహ్మద్ అబ్బాస్. ‘తిరిగిరాని ఒక్కడు’ అన్నదే ఆ పుస్తకం పేరులోని మాట. పెషావరీకి కూడా సరిపోయే పేరు.

2023 ఫిబ్రవరిలో టర్కీలో భూకంపం వచ్చినప్పుడు మన సైన్యం ఇస్కెందెరూన్‌లో ఫీల్డ్ ఆస్పత్రి తెరిచింది. ఆ పనికి మన ప్రభుత్వం పెట్టిన పేరు ‘ఆపరేషన్ దోస్త్’. ఈ ఒక్క మాటను అక్కడా ఇక్కడా ఎవరికీ తర్జుమా చేయాల్సిన అవసరం పడలేదు. అంతకు 110 ఏళ్ల ముందే ఆ మాటను ఇక్కణ్ణుంచి కొందరు మోసుకెళ్లారని ఎంతమందికి తెలుసో!

నా దోస్తు తిరిగొచ్చాడు. జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి చూపించాడు. దోహాలో మా క్లాస్‌మేట్ భార్య, మా భాబీ, రాసిచ్చింది. ఆమె అక్కడ ఇరవై ఏళ్లుగా ఉంటోంది, షామ్ దేశపు ఇరుగుపొరుగుతో మాట్లాడి వాళ్ల జుబాన్ నేర్చుకుంది. ఎక్కడ నొప్పి? ఎప్పటి నుంచి? రాత్రి నిద్ర పట్టిందా? భయపడకు. ఇలాంటివే ఓ ముప్ఫై మాటలు, అన్నీ అరబీలో, పక్కన ఉర్దూ అర్థాలతో. మా స్కూల్లో నేర్పిన లిపే. భోజనాలయ్యాక దస్తర్‌ఖాన్ ఎత్తేసి, అక్కడే కూర్చుని రాసిందట.

‘‘క్యాంపులో రోజూ దీన్ని చూసే మాట్లాడాను’’ అన్నాడు. మడతల దగ్గర కాగితం చిరిగిపోయింది. వెనక నుంచి టేపు అంటించాడు.

దావత్ గురించి నేను మళ్లీ ఎత్తలేదు, వాడూ ఎత్తలేదు.