కాంగ్ పర్వతాలు: లేని కొండల పుట్టుపూర్వోత్తరాలు

పంతొమ్మిదో శతాబ్దంలో యూరప్‌లో అచ్చయిన ఆఫ్రికా పటాలు తిరగేస్తే చాలావాటిలో ఒక పర్వతశ్రేణి కనబడుతుంది. ఖండం పడమటి భాగంలో, భూమధ్యరేఖకు సుమారు పది డిగ్రీల ఉత్తరాన, అడ్డుగోడలా పడమర నుంచి తూర్పుకు సాగిపోతుంది. దాని పేరు కాంగ్ పర్వతాలు. కొందరు పటకారులు దాన్ని ఇంకా సాగదీసి, ఖండం నడిమధ్యన ఉన్నాయని ప్రాచీనులు చెప్పిన చంద్రపర్వతాలతో కలిపేశారు. అట్లాసుల్లోకి, భూగోళ గ్రంథాల్లోకి ఈ పేరు ఎక్కింది. అక్కడ అలాంటి శ్రేణి ఏదీ లేదు. ఎన్నడూ లేదు. లేని కొండలు సుమారు తొంభై ఏళ్లు పటాల మీద ఎలా నిలబడ్డాయో తెలియాలంటే, ముందు నైజర్ నది కథ తెలియాలి.

నైజర్ పొడవు సుమారు 4,180 కిలోమీటర్లు. గినీ దేశపు ఎత్తైన నేలల్లో, అట్లాంటిక్ తీరానికి 240 కిలోమీటర్ల దూరంలోనే పుడుతుంది. అయినా దగ్గరి సముద్రం వైపు పోదు. ఈశాన్యంగా సహారా అంచుదాకా వెళ్లి, టింబక్టూ దాటాక పెద్ద వంపు తిరిగి, ఆగ్నేయంగా దిగి, నైజీరియాలో పాయలు పాయలుగా చీలి గినీ సింధుశాఖలో కలుస్తుంది. ఈ దారి మొత్తం ఒక్క చూపులో తెలిసేది కాదు. పదహారో శతాబ్దంలో లియో ఆఫ్రికానస్ అనే యాత్రికుడు అది పడమరగా పారుతుందని రాశాడు. ఆ మాట పట్టుకుని సెనెగల్, గాంబియా నదులే దాని ముఖద్వారాలని యూరప్ చాలాకాలం నమ్మింది. నైలులో కలుస్తుందన్నవారున్నారు, కాంగో నది ఇదేనన్నవారూ ఉన్నారు.

ఈ చిక్కు విప్పడానికి 1788లో లండన్‌లో కొందరు సంపన్నులు, శాస్త్రజ్ఞులు కలిసి ఆఫ్రికన్ అసోసియేషన్ పెట్టారు. వాళ్లు పంపిన తొలి యాత్రికుల్లో జాన్ లెడ్యార్డ్ కైరోలోనే చనిపోయాడు. డేనియల్ హౌటన్ 1791లో ఎడారి అంచున ప్రాణం విడిచాడు. ఆ తర్వాత ముంగో పార్క్ అనే స్కాట్లండ్ వైద్యుడు బయల్దేరాడు. దారిలో దోపిడీకి గురయ్యాడు, బందీ అయ్యాడు, ఆకలితో అలమటించాడు. 1796 జులైలో సెగూ పట్టణం దగ్గర నైజర్‌ను చూశాడు. నది తూర్పుకు పారుతోంది. లియో మాట తప్పని అక్కడితో తేలిపోయింది.

ఆ ప్రయాణంలోనే పార్క్ ఒక గుట్టెక్కి చూసినప్పుడు ఆగ్నేయాన చాలా దూరంలో కొండలు కనిపించాయి. అవి కాంగ్ అనే పెద్ద రాజ్యంలో ఉన్నాయని అంతకుముందే స్థానికులు ఆయనకు చెప్పి ఉన్నారు. ఆయన చూసిందీ విన్నదీ అంతే. ఆ రెండు మాటల్లోంచి ఒక మహాపర్వతశ్రేణిని నిలబెట్టినవాడు వేరొకడు. ఆయన పేరు భారతదేశ చరిత్ర చదివినవారికి పరిచయమే: జేమ్స్ రెనెల్.

రెనెల్ 1742లో ఇంగ్లండ్‌లో పుట్టాడు. చిన్నతనంలోనే నౌకాదళంలో చేరాడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో 1764 నుంచి బెంగాల్ నదులను, దారులను కొలిచాడు. 1767లో బెంగాల్ తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు. సర్వే పనిలో ఉండగా భూటాన్ సరిహద్దు దగ్గర సన్యాసుల దళంతో జరిగిన ఘర్షణలో కత్తిపోట్లకు గురై చావుతప్పి బయటపడ్డాడు. స్వదేశం వెళ్లాక 1779లో బెంగాల్ అట్లాస్ వెలువరించాడు, ఆ వెంటనే హిందుస్థాన్ పటం గీశాడు. 1791లో రాయల్ సొసైటీ కాప్లీ పతకం ఇచ్చింది. ఆ కాలంలో ఇంగ్లండ్‌లో భూగోళశాస్త్రం విషయంలో రెనెల్ మాటకు తిరుగులేదు. ఆ గౌరవం ఆయనకు దక్కడం న్యాయమే. బెంగాల్‌ను ఆయన పడవల మీద, కాలినడకన తిరిగి, గొలుసులు పట్టి కొలిచాడు.

ఆఫ్రికాలో ఆయన అలా కొలిచింది ఒక్క మైలూ లేదు. పార్క్ తెచ్చిన వివరాలు బల్ల మీద పరుచుకుని, లెక్కలు కట్టి, 1798లో పటాలు గీశాడు. మరుసటి ఏడు వచ్చిన పార్క్ యాత్రాగ్రంథానికి అవి అనుబంధమయ్యాయి. నైజర్ తూర్పుకు పారి, వంగారా అనే లోతట్టు ప్రాంతంలో సరస్సులుగా, చిత్తడిగా పరుచుకుని ఎండకు ఆవిరైపోతుందని రెనెల్ సిద్ధాంతం. అది నిలబడాలంటే నది దక్షిణంగా సముద్రం వైపు తిరగకుండా ఏదో అడ్డుండాలి. పార్క్ దూరంనుంచి చూసిన కాంగ్ కొండలు సరిగ్గా ఆ అవసరానికి దొరికాయి. రెనెల్ వాటిని పడమటి ఎత్తైన నేలలతో కలిపి, తూర్పుగా సాగదీశాడు. పెద్ద నది ఉందంటే దానికి నీరిచ్చే పెద్ద పర్వతాలు ఉండాలన్న నాటి నమ్మకం కూడా తోడైంది. హిమాలయాల నుంచి దిగే గంగను చూసినవాడికి ఆ ఊహ సహజంగానే తట్టి ఉంటుందని నేననుకుంటాను.

ఆయన ఊహ పూర్తిగా గాలిలోంచి పుట్టిందీ కాదు. నేటి మాలి దేశంలో నైజర్ నిజంగానే విశాలమైన లోతట్టు డెల్టాగా పరుచుకుని, చెరువులుగా, చిత్తడిగా మారి, తన నీటిలో పెద్ద భాగాన్ని ఎండకు పోగొట్టుకుంటుంది. కాకపోతే అక్కడితో ఆగదు, మిగిలిన నీటితో ముందుకు సాగుతుంది.

1802లో ఆరన్ ఆరోస్మిత్, 1805లో జాన్ కేరీ తమ ఆఫ్రికా పటాల్లో ఈ కొండలను చేర్చారు. ఆ తర్వాత ఒకరిని చూసి ఒకరు గీసుకుంటూ పోయారు. ఖాళీ జాగా వదిలితే పటకారుడికి తెలియదని జనం అనుకుంటారు, కొండలు గీస్తే తెలుసనుకుంటారు. పైగా వెనుక రెనెల్ పేరుంది. ఎవరు ప్రశ్నిస్తారు?

1830 మార్చిలో రెనెల్ కన్నుమూశాడు. అదే ఏడాది రిచర్డ్ లాండర్, జాన్ లాండర్ అనే అన్నదమ్ములు, పార్క్ తన రెండో యాత్రలో ప్రాణాలు కోల్పోయిన బుస్సా దగ్గర పడవెక్కి, నది వెంట దిగి గినీ సింధుశాఖ చేరారు. నైజర్ సముద్రంలోనే కలుస్తుందని రుజువైంది. ఏ సిద్ధాంతాన్ని నిలబెట్టడానికి కొండలు గీశారో ఆ సిద్ధాంతం ఆ రోజుతో కూలిపోయింది. అయినా కొండలు పోలేదు. నది దాటడానికి వాటి మధ్య ఒక సందు పెట్టి ఊరుకున్నారు! ఈ మొత్తం కథలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఇదే. కారణం పోయినా కార్యం నిలిచింది.

తీరం నుంచి లోపలికి వెళ్లిన యాత్రికులూ తెలియకుండానే దీనికి సాయపడ్డారు. పశ్చిమాఫ్రికాలో నిజమైన ఎత్తులు లేకపోలేదు. సియెర్రా లియోన్‌లో బింటుమాని శిఖరం 1,945 మీటర్లు, గినీ, కోట్ డివ్వార్, లైబీరియా కలిసేచోట నింబా కొండ 1,752 మీటర్లు. టోగో, బెనిన్‌లలో అటకోరా కొండలున్నాయి. ఇవన్నీ విడివిడి ఎత్తులు. చేతిలో కాంగ్ పటం ఉన్నవాడికి మాత్రం దూరాన ఏ గుట్ట కనిపించినా అది ఆ మహాశ్రేణిలో ముక్కే అనిపించింది. 1886లో జూల్ వెర్న్ తన ఆకాశనౌక నవల ‘రోబర్ ది కాంకరర్’లో కూడా ఈ పర్వతాలను దిగంతంలో చూపించాడు.

ఇంతకీ కాంగ్ అంటే ఏమిటి? అది కొండ కాదు, ఊరు. నేటి కోట్ డివ్వార్ ఉత్తరాన ఉంది. పద్దెనిమిదో శతాబ్ది ఆరంభంలో సెకు వత్తారా అక్కడ రాజ్యం స్థాపించాడు. డ్యూలా ముస్లిం వర్తకుల నగరం అది. దక్షిణపు అడవుల నుంచి కోలా కాయలు ఉత్తరానికి, సహారా నుంచి ఉప్పు దక్షిణానికి దాని మీదుగానే పోయేవి. నేతకు, నీలిమందు అద్దకానికి పేరుపడింది. ఖురాన్ విద్యకు విద్యార్థులు దూరాల నుంచి వచ్చేవారు. ఆలోచించండి: యూరప్ పటకారులు దాటరాని గోడ గీసిన నేల మీదే, ఆ కాలమంతా, వర్తకుల బిడారులు ఉత్తర దక్షిణాలుగా నడుస్తూనే ఉన్నాయి. అక్కడ గోడ లేదని చెప్పగలిగినవాళ్లు వేల మంది ఉన్నారు. లండన్‌లో ఆ పటాలు గీసిన బల్లల దాకా వాళ్ల మాట చేరలేదు.

ఆ మాట చివరికి ఒక ఫ్రెంచి సైనికాధికారి నోట వచ్చింది. లూయీ గుస్తావ్ బింజే 1887లో బమాకో వైపు నుంచి దక్షిణంగా బయల్దేరి, 1888 ఫిబ్రవరిలో కాంగ్ చేరాడు. పర్వతాలు ఉండాల్సిన చోట కొండల వరస కూడా కనిపించలేదు. ఎగుడుదిగుడు పీఠభూమి, అక్కడక్కడా రాతిగుట్టలు. ఉత్తరాన నైజర్ వైపు పోయే నీటికీ, దక్షిణాన సముద్రానికి దిగే నదులకూ మధ్య విభజన ఉన్నమాట నిజమే. కానీ నీళ్లను విడదీయడానికి మహాపర్వతాలే అక్కర్లేదు, నేల కాస్త వాలితే చాలు. 1889లో బింజే పారిస్ తిరిగి వెళ్లి ఈ సంగతి చెప్పాక కొండలు పటాల నుంచి వేగంగా మాయమయ్యాయి.

బింజే వెళ్లింది పటం దిద్దడానికే కాదు. కాంగ్‌ను ఫ్రాన్స్ రక్షణలోకి తెచ్చే ఒప్పందం చేసుకునే ఆ యాత్ర ముగించాడు. 1893లో కోట్ డివ్వార్ ఫ్రెంచి వలస అయింది, ఆయనే దాని గవర్నర్ అయ్యాడు. లేని పర్వతాలను తుడిచేసిన చేతులే ఆ నేల మీద కొత్త సరిహద్దులు గీశాయి. కాంగ్ నగరాన్ని 1897లో పశ్చిమాఫ్రికా పాలకుడు సమోరి తూరే సేనలు ధ్వంసం చేశాయి.

అచ్చులో పడ్డ తప్పు మాత్రం అంత తొందరగా చావలేదు. 1928 నాటి బార్తోలొమ్యూ ఆక్స్‌ఫర్డ్ అట్లాస్‌లో కాంగ్ పర్వతాలు మళ్లీ కనిపించాయి. 1995 నాటి గూడ్స్ వరల్డ్ అట్లాస్‌లోనూ ఆ పేరు మిగిలిపోయింది.

ఊరు తిరిగి లేచింది. మట్టితో కట్టిన కాంగ్ మసీదు, ఉత్తర కోట్ డివ్వార్‌లోని అలాంటి మరికొన్ని మసీదులతో కలిసి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. బడిలో పటం చదవడం నేర్పే ఉపాధ్యాయులకు నాదొక మనవి: నదుల పేర్లు, శిఖరాల ఎత్తులు వల్లెవేయించే ముందు పిల్లలకు 1805 నాటి కేరీ పటాన్నీ, నేటి ఉపగ్రహ పటాన్నీ పక్కపక్కన పెట్టి చూపించండి. రెండూ ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. తేడా ఎక్కడుందో వాళ్లనే వెతకనివ్వండి.