మోటుపల్లి ఒడ్డున మన ఓరుగల్లు

సంక్రాంతి సెలవులకు పిల్లలు సముద్రం అన్నారు. విశాఖ దూరం, సూర్యలంక అందరూ పోయేదే. "మోటుపల్లి పోదాం" అన్నాను. ఆ పేరు మా ఇంట్లో ఎవరూ వినలేదు. డిగ్రీలో చదివినప్పటి నుంచి నా మనసులో ఉండిపోయిన పేరది.

మా అత్తమ్మకు డెబ్బై రెండేళ్లు. అప్పటిదాకా సముద్రం చూడలేదు. తిరుమలగిరిలో తెల్లవారకముందే బయలుదేరి, సూర్యాపేట, మిర్యాలగూడ మీదుగా వాడపల్లి దగ్గర కృష్ణ దాటి చీరాల చేరాం. వేటపాలెంలో జీడిపప్పు కొన్నాం (కొనకుండా ఎవరొస్తారు!).

నిజం చెప్తున్నా, మోటుపల్లి తీరంలో చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. ఇసుక, సరుగుడు చెట్లు, నాలుగు పడవలు. చాట్ బండి కూడా లేదు. "అమ్మా, పోర్టు ఏదీ?" అన్నాడు మా చిన్నోడు.

ఒకప్పుడు ఇది కాకతీయుల రేవు. గాలివానకు ఓడ దారి తప్పి ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని సరుకంతా రాజులు లాగేసుకునే రోజులవి. ప్రాణం దక్కించుకున్న వర్తకుడికి కట్టుబట్టలే మిగిలేవి. 1244లో గణపతిదేవుడు ఆ పద్ధతి మాన్పించాడు. ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకుని సముద్రం మీదికి వచ్చినవాళ్ల మీద దయతో, నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోమని అభయమిచ్చాడు. సుంకం ముప్పైలో ఒక వంతు. కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, పట్టు, మిరియాలు, వక్కలు... ఏ సరుకు మీద ఎంతో కూడా చెక్కించాడు. ఆ అభయ శాసనం ఊళ్లో వీరభద్రస్వామి గుడి దగ్గరే ఉంది. దయ ఒక్కటే కాదులెండి, లెక్క కూడా ఉంది. భయం లేని రేవుకే కదా ఓడలొస్తాయి! ఎక్కడి ఓరుగల్లు, ఎక్కడి సముద్రం!

ఆ శతాబ్దం చివర్లో మార్కోపోలో ఈ రాజ్యాన్ని 'ముట్‌ఫిలి' అని రాశాడు. వజ్రాలు, సాలెగూడులాంటి సన్నని బట్టలు, న్యాయంగా పాలించే రాణి. కానీ ఆమెను చనిపోయిన రాజుగారి భార్య అన్నాడు. మన రుద్రమదేవి గణపతిదేవుడికి భార్య కాదు, కూతురు. ఆడపిల్ల తండ్రి సింహాసనం ఎక్కుతుందని ఆయనకు తోచలేదేమో. తోచకపోవడంలో వింతేముంది? తండ్రే ఆమెకు 'రుద్రదేవుడు' అని మగపేరు పెట్టాల్సి వచ్చింది.

ఇదంతా ఇసుకలో కూర్చుని అత్తమ్మకు చెప్తున్నాను. ఆమె పుట్టిల్లు నకిరేకల్ దగ్గర. రుద్రమ 1289లో చనిపోయిందని తెలిపే శాసనం దొరికింది అక్కడి చందుపట్లలోనే అన్నాను.

"మా చందుపట్లనా? చిన్నప్పుడు జాతరకు పోయెటోళ్లం. గీ ముచ్చట నాకెవ్వలు చెప్పలె బిడ్డా" అంది.

వచ్చేటప్పుడు చందుపట్ల కూడా చూద్దామనుకున్నాం. కానీ అత్తమ్మ నీళ్లలోంచి బయటికి వస్తేగా! చీర మోకాళ్ల దాకా తడిసినా "ఇంకో అల" అంటూ నిలబడింది. మిర్యాలగూడ వచ్చేసరికే చీకటి పడింది.