పత్తి బేలు – మల్ఖా: సముచిత సాంకేతికత

ఉమ్మడి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతాలైన నందిగామ, జగ్గయ్యపేటల నల్లరేగడి నేలల్లో పత్తి ముఖ్యమైన పంట. గింజ తీసిన దూదిని యంత్రంతో అదిమి బేళ్ళు కట్టడం నేడు సహజమైన ప్రక్రియగా తోస్తుంది. అయితే వలసపాలనలో పత్తిని ఓడలపై లాంకషైర్ మిల్లులకు చేర్చవలసిన అవసరమే ఈ పద్ధతిని స్థిరపరచింది.

గాంధీ ఆలోచనల ప్రభావం పొందిన షూమాకర్ 1966లో సహచరులతో కలిసి లండన్‌లో లాభాపేక్షలేని సంస్థను నెలకొల్పి, స్థానిక వనరులకు తగిన సాంకేతికతను అంతర్జాతీయ అభివృద్ధి చర్చలోకి తెచ్చాడు. ఇక్కడ ఆ కోవకు చెందినదే ఉజ్రమ్మ చేపట్టిన మల్ఖా. మల్మల్, ఖాదీ పదాల కలయికతో ఏర్పడిన పేరిది. తెలంగాణ గ్రామాల్లో ఈ ప్రయత్నం బేలునే తొలగించి, అదమని దూదిని చిన్న యంత్రాలపై నూలుగా వడికి చేనేతకు అందించింది. దూది ఏ రూపంలో ఊరు దాటుతుందన్నదే దాని విలువలో ఊరికి దక్కే వాటాను నిర్ణయిస్తుంది. మెట్ట పత్తి చరిత్రను దిగుబడి లెక్కలతోనే రాయడం అందుకే అసమగ్రం.