ప్రోత్సాహం: మాటకు అర్థం, వాడుక

ఒక పని మొదలుపెట్టినవాళ్లకి గానీ, మధ్యలో ధైర్యం సడలినవాళ్లకి గానీ ముందుకు సాగే బలం అందేలా చేయడమే ప్రోత్సాహం. తెలంగాణ సరిహద్దుకి దగ్గరగా ఉన్న ఎన్టీఆర్ జిల్లా తిరువూరులో ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఈ ఒక్క భావాన్ని రెండు భాషల్లోనూ చెప్పుకుంటాయి.

మాట పుట్టుక

'ప్ర', 'ఉత్సాహం' కలిస్తే గుణసంధి వల్ల 'ప్రోత్సాహం' అయింది. ఉత్సాహంలో ఉన్న ధాతువు 'సహ్'. దానికి ఓర్చుకోవడం, తట్టుకోవడం అని అర్థం. సహనం, సహించు అనే మాటలూ దాన్నుంచే వచ్చాయి. అలంకార శాస్త్రంలో వీరరసానికి స్థాయీభావం ఉత్సాహమే.

ఉర్దూలో దీన్ని 'హౌస్లా అఫ్జాయీ' అంటారు. అఫ్జాయీ అంటే పెంచడం, ఇది ఫార్సీ మాట. హౌస్లా అరబ్బీ నుంచి వచ్చింది. పక్షి మెడ కింద గింజలు దాచుకునే సంచికి అది పేరు. క్రమంగా ఇముడ్చుకునే శక్తి, ఓపిక, ధైర్యం అనే అర్థాలు దానికి చేరాయి.

రెండు భాషలూ వేరువేరు దారుల్లో వచ్చి ఒక్కచోటే కలిశాయి. మనిషిలో ముందే ఉన్న ఓర్పుని పెంచడమే ప్రోత్సాహం. లేనిది తెచ్చిపెట్టడం కాదు.

దగ్గరి మాటలు, తేడాలు

ప్రశంస పని అయ్యాక వస్తుంది, ప్రోత్సాహం పని అవ్వకముందే కావాలి. ప్రేరణ ఎవరూ ఏమీ అనకపోయినా, ఒకరిని చూసి కలగవచ్చు. చెడ్డ పనికి తోస్తే అది ఉసిగొల్పడమే. వెన్ను తట్టడం, దన్నుగా నిలవడం, ఊతమివ్వడం అచ్చంగా మన వాడుకలు. కాయల బరువుకి వంగిన మామిడి కొమ్మ కింద పెట్టే కర్ర కూడా ఊతమే. కాయ కాసేది మాత్రం చెట్టే.

'శభాష్' ఫార్సీ 'షాద్ బాష్' నుంచి వచ్చింది. 'సంతోషంగా ఉండు' అని దాని అర్థం.

రాసేటప్పుడు 'ప్రోత్సహం', 'ప్రోత్సాహించు' అని కొందరు రాస్తారు. ప్రోత్సాహం, ప్రోత్సహించు అన్నవే సరైన రూపాలు. ప్రభుత్వ పథకాల్లో ఇచ్చే డబ్బు ప్రోత్సాహకం. పోటీల్లో మొదటి మూడు స్థానాలు దక్కనివారికి ఇచ్చేది ప్రోత్సాహక బహుమతి.

చరిత్రలో ఒక ఉదాహరణ

గోల్కొండను 1550 నుంచి 1580 వరకు ఏలిన ఇబ్రహీం కుతుబ్ షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితమైంది. ఆయన కొలువులోని అమీన్ ఖాన్, పొన్నగంటి తెలగనార్యుడి 'యయాతి చరిత్ర'ను అంకితం పుచ్చుకున్నాడు. తత్సమాలు వదిలేసి అచ్చ తెలుగులో రాసిన తొలి కావ్యంగా దానికి పేరు. కవుల్లో ప్రతిభ ముందే ఉంది. దానికి దన్ను కొలువు నుంచి దొరికింది.

ఎలా ఇవ్వాలి?

మనస్తత్వ శాస్త్రవేత్తలు క్లాడియా ముల్లర్, కెరోల్ డ్వెక్ 1998లో ప్రచురించిన పరిశోధనలో, తెలివైనవాళ్లని మెచ్చుకోలు పొందిన పిల్లలు కష్టమైన ప్రశ్నల్లో తప్పాక త్వరగా నీరసపడ్డారు. బాగా కష్టపడ్డారని మెచ్చుకున్న పిల్లలు పట్టుదలగా కొనసాగారు. అంటే 'నువ్వు తెలివైనదానివి' కంటే 'ఈ లెక్క నాలుగుసార్లు చేశావు, బాగుంది' అన్నదే మేలు.

పదో తరగతి ఫలితాల రోజు దీని విలువ తెలుస్తుంది. ఒక సబ్జెక్టు పోయిన అమ్మాయితో 'చదివింది చాల్లే' అంటే చదువు అక్కడితో ఆగిపోవచ్చు. 'పర్వాలేదమ్మా, సప్లిమెంటరీ రాద్దువు గానీ, ఫీజు నేను కడతా' అంటే దారి తెరిచే ఉంటుంది. ఇందులో 'పర్వా' ఫార్సీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది, దిగులు అని అర్థం. 'లేదు' మన తెలుగే. అయితే ఒట్టి 'పర్వాలేదు' ఓదార్పుతోనే ఆగిపోతుంది. తర్వాత ఏం చేయాలో చెప్పి, అందులో కొంత భారం తామూ మోస్తేనే అది ప్రోత్సాహం.