ఆబిడ్సు అంగళ్లలో బహువచనము



ఒకటికంటె నెక్కువ వస్తువులున్నప్పుడు వాని పేరు చివర ‘లు’ చేర్చుట మనకు ఉగ్గుపాలతో అబ్బిన విద్య. ఆవు ఆవులగును, చెట్టు చెట్లగును, బండి బండ్లగును. ఇందులో చర్చింపదగిన దేమున్నదని మీరడుగవచ్చును. కాని ఆ వస్తువు సీమనుండి వచ్చినదై, దానిని చేసినవాని ఇంటిపేరే దానికి పేరైనప్పుడు సంగతి అంత తేలికగా తెగదు.

హైదరాబాదు నగరమున ఆబిడ్సు వీధిలో 1928లో డెక్కన్ పెన్ స్టోర్సు అను కలముల దుకాణము వెలసినది. దుకాణ మొకటే అయినను పేరు మాత్రము బహువచనమున ఉండుట చూడుడు. పాత కలములను పోగుచేయు వేడుక గలవారు ఈ నగరమున పలువురు కలరు. వారి నడుమ కూర్చుండి నేను విన్న వాదమొకటి చెప్పెదను. వాటర్‌మన్ అను కలములు రెండు చేతికి వచ్చినవనుకొనుడు. వానిని ‘వాటర్‌మన్‌లు’ అనవలెనని ఒకరు, ఆంగ్లమున ‘మన్’ బహువచనము ‘మెన్’ గనుక ‘వాటర్‌మెన్’ అనవలెనని మరియొకరు. గంటసేపు తెగలేదు. నిజమునకు ఆ కలమునకు పేరు నీటిమనిషిని బట్టి వచ్చినది కాదు. 1884లో అమెరికాలో దానికి హక్కుపత్రము పొందిన లూయీ వాటర్‌మన్ ఇంటిపేరది. ఇంటిపేరును బహువచనము చేయునపుడు ఆంగ్లేయులు సైతము ‘మెన్’ అనరు. కాబట్టి రెండవవారిది ఆంగ్లమునకును చాలని ఆంగ్లము.

ఆ వాదము ఆబిడ్సులో జరుగుట నాకు వింతగా తోచలేదు. ఆ వీధి పేరులోనే ఈ చిక్కు ఉన్నది. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కొలువున ఆల్బర్టు ఆబిద్ అను ఆర్మీనియా జాతీయుడుండెను. అతడు పెట్టిన అంగడిని బట్టి ఆ తావు ‘ఆబిద్ షాపు’ అయినది. ఆంగ్లమున ‘ఆబిద్‌ది’ అను అర్థమునిచ్చు సకారము చివర నిలిచి, షాపు అను మాట రాలిపోయినది. అది షష్ఠీ విభక్తియే కాని బహువచనము కాదు. హల్లుతో ముగియు మాట మన నాలుకకు పొసగదు గనుక చివర ఒక ఉకారము తగిలించి ‘ఆబిడ్సు’ అనుచున్నాము. ఆబిద్ ఎవరో, ఆ సకార మేమిటో ఎరుగకయే రోజునకు వేలమంది ఆ మాట పలుకుచున్నారు.

ఈ వీధులలో ఒక్క తెలుగే కాదు, నాలుగైదు రీతుల బహువచనములు ఏకకాలమున వినబడును. పుస్తకమునకు అరబ్బీలో ‘కితాబ్’ అందురు. దాని బహువచనము చివర చేరునది కాదు, మాట లోపలి అచ్చులే మారి ‘కుతుబ్’ అగును. 1891లో ఈ ఆబిడ్సులోనే నెలకొన్న ఆసఫియా గ్రంథాలయమునకు ‘కుతుబ్ ఖానా’ అను పేరందులకే వచ్చినది. అది 1936లో అఫ్జల్‌గంజునకు తరలినది. ఉర్దూ పండితులు ‘కితాబే’ అని ముక్కుతో పలుకుదురు. నాంపల్లి టాంగావాలాలు మాటలాడిన దక్కనీలోనో ‘కితాబాన్’, ‘లోగాన్’, ‘బాతాన్’. పండితులు ఈ ‘ఆన్’ను మోటు అనిరి. మాటలాడువారు మానలేదు. ఇక ఆంగ్లమున ‘బుక్స్’, తెలుగున పుస్తకములు.

ఇన్ని భాషల సంతలో మన ‘లు’ ఎట్లు నిలిచినదో మీకు బాగుగా తెలిసిన మాటలతోనే చూపెదను. పహాణీలలోను పట్టాలలోను కనబడు ‘ఆసామి’ అను మాటను తీసికొనుడు. అరబ్బీలో ‘ఇస్మ్’ అనగా పేరు. దాని బహువచనము ‘అస్మా’. ఆ బహువచనమునకు మరల బహువచనము ‘అసామీ’, అనగా పేర్ల పట్టీ. ఆ పట్టీలో పేరున్న రైతు తానే అసామీ అయినాడు. అది మన ఊరికి వచ్చి ఏకవచనమై, దానిపై మనము ‘లు’ చేర్చి ‘ఆసాములు’ అనుచున్నాము. ఒక మాటమీద మూడు బహువచనములు! దానిని తప్పని ఏ పట్వారియు దిద్దలేదు.

పారసీకపు ‘దుకాన్’ దుకాణమై, ‘కాగజ్’ కాగితమై, చివర మువర్ణకమును తొడిగికొని, పుస్తకము, వృక్షము మొదలగు వాని పంక్తిలో కూర్చున్నవి. గ్రీకుదేశపు ‘కలమోస్’ అరబ్బులలో ‘ఖలమ్’ అయినది. మన కలము కూడ ఆ పంక్తిలోనిదే. దాని బహువచనము అరబ్బులకు ‘అఖ్లామ్’, మనకు కలములు, వాడుకలో కలాలు. ఇట్టి మాటలను మన పూర్వ లాక్షణికులు అన్యదేశ్యములనిరి. 1854లో బ్రౌను దొర వీనికై ప్రత్యేకముగా మిశ్రభాషా నిఘంటువునే అచ్చొత్తించెను. కచేరీలలో నిజముగా పలుకు మాటలను పండితులు గ్రామ్యమని వదలివేయుచుండగా ఆ పరదేశి వానిని ఏరి కూర్చినాడు.

ఆంగ్ల పదములు కూడ ఆ దారినే వచ్చినవి. 1907లో కట్టిన నాంపల్లి స్టేషనులో అడుగిడిన యెడల మీకే తెలియును. చెట్టు చెట్లయినట్లు టికెట్టు టికెట్లయినది. ఆంగ్లపు ‘ఫార్మ్’ ఫారమై, పుస్తకము పుస్తకాలయినట్లు ఫారాలైనది. కాలు కాళ్లయినట్లు రైలు రైళ్లు, సైకిలు సైకిళ్లు, హోటలు హోటళ్లు. అయితే ఊరు ఊళ్లయినట్లు, గోరు గోళ్లయినట్లు కారు కాళ్లు కావలెను గదా! ఎవ్వరును అట్లనరు. కాలికి కాళ్లు ముందే ఉన్నవి. జాగీర్లు, మోటార్లు, డ్రైవర్లు అన్నట్లు కార్లు అనియే అందురు. కన్ను కండ్లయినను పెన్ను పెండ్లు కాలేదు. పెన్ను పెన్నులే అయినది. 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణమున పెన్నునకు సూత్రము వెదకిన దొరకదు. అయినను అక్షరము రాని కూలివాడు సైతము ఇందులో తడబడడు. సూత్రము నాలుకమీద ఉన్నది.

మరల కలములకు వచ్చెదను. రాజమహేంద్రవరమున కోసూరి వెంకటరత్నము గారు స్వదేశీ కలమును చేసిరి. దానిని మెచ్చుచు గాంధీమహాత్ముడు 1935లో లేఖ వ్రాసిరి. ఆ కలమునకు రత్నం అనియే పేరు. అట్టివి మూడు కలవాడు ‘నావద్ద మూడు రత్నాలున్నవి’ అనిన యెడల వినువాడు దొంగల భయము చెప్పును. అందుచేత వేడుకకాండ్రు ‘రత్నం పెన్నులు’ అందురు. విదేశములందు సరకు యజమానులు కోరునదియు ఇదియే. పిల్లలాడు బొమ్మ ఇటుకలు చేయు డెన్మార్కు సంస్థవారు ‘లెగోలు’ అనవలదు, ‘లెగో ఇటుకలు’ అనుడని చెప్పుచుందురు. వారి భయము వ్యాకరణముది కాదు. పేరు జాతివాచకమైన యెడల హక్కు పోవును. అమెరికా న్యాయస్థానములలో ఆస్పిరిన్ 1921లోను, థర్మాస్ 1963లోను ఆవిధముగనే అందరి సొత్తయినవి.

ఆ 1921వ సంవత్సరముననే ఈ నగరమున వేరొక తగవు జరిగినది. నవంబరు నెలలో, ఆబిడ్సునకు ఎంతో దూరము లేని వివేకవర్ధని శాలలో సంఘసంస్కార సభ. కార్వే పండితుడు అధ్యక్షుడు. ఇతరులు ఇతర భాషలలో మాటలాడిరి. అల్లంపల్లి వెంకటరామారావు గారు తెలుగున ఆరంభింపగానే కొందరు గేలిచేసి, చప్పట్లు చరచి వారిని మాటలాడనీయలేదు. ఆ రాత్రియే కొందరు తెలుగువారు కూడి ఆంధ్రజన సంఘమును స్థాపించిరి.

ఆనాటి గేలి వేరు, అంగడి నవ్వు వేరు; అయినను రెంటికి చుట్టరికము కలదు. ఒక అంగడిలో పెద్దవా డొకడు ‘రెండుజతల బూట్లు చూపుమయ్యా’ అని అడుగగా, ‘బూట్లు కాదు తాతా, షూస్’ అని గుమాస్తా నవ్వినాడు. ఆ తాత తలవంచుకొనినాడు. ఆ గుమాస్తాయే క్షణములో లోపలి కుర్రవానిని ‘ఆ షూసులు తెమ్ము’ అని కేకవేసినాడు! సకారము మీద ‘లు’ పడినదే అని నేను అతనిని తప్పుపట్టను. ఆసాములు ఒప్పయినప్పుడు షూసులు తప్పెట్లగును? కాని బూట్లు అంతకంటె సొంపైన తెలుగు. తలవంచుకొనవలసినవాడు తాత కాడు.

నేడు నాంపల్లి న్యాయస్థానములకు దస్తావేజులతో వచ్చు ఆసాములు ‘రెండు జెరాక్సులు తీయుము’ అందురు. అది యొక అమెరికా కంపెనీ పేరు. దానికి ముందు ఆ పనికి అరబ్బీ నుండి వచ్చిన ‘నకలు’ ఉండెను. మనవారు దానిని కాలు, కాళ్లు అన్నట్లే నకలు, నకళ్లు అనిరి. మీ ఇండ్లలోని పాత పెట్టెలలో ఆ నకళ్లు ఇంకను ఉండియే యుండును.