లీజ్ అండ్ లీఫ్: ఒక ఆల్బమూ దాని అభిమానులూ

ఇంగ్లండుకు చెందిన ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ బృందం 1969 డిసెంబరులో ఐలాండ్ రికార్డ్స్ సంస్థ ద్వారా విడుదల చేసిన ఆల్బమ్ 'లీజ్ అండ్ లీఫ్'. బ్రిటిష్ దీవుల జానపద కథాగేయాలను ఎలక్ట్రిక్ గిటార్లు, డ్రమ్స్, ఎలక్ట్రిక్ ఫిడేలుతో రాక్ సంగీతంగా పాడవచ్చని నిరూపించిన రికార్డు ఇదే. పేరులోని రెండూ వాడుక తప్పిన పాత ఇంగ్లీషు మాటలు. మొదటిదానికి నమ్మకంగా ఉండేదనీ, రెండోదానికి మనసారా సిద్ధపడేదనీ అర్థం. విడుదలైనప్పుడు బ్రిటన్ ఆల్బమ్‌ల పట్టికలో 17వ స్థానం దాకా వెళ్లింది. దీనికి అంతకన్నా చాలా పెద్ద పేరు తర్వాత వచ్చింది. ఆ పేరు తెచ్చింది శ్రోతలే. పాడినవాళ్లు విడిపోయాక కూడా ఈ పాటలను శ్రోతలు వదల్లేదు. జానపద గీతాన్ని ఊరు ఎలా నిలుపుకుంటుందో, ఈ రికార్డును అభిమానులు అలా నిలుపుకున్నారు.

పుట్టుక

బృందం 1967లో ఉత్తర లండన్‌లోని మజ్‌వెల్ హిల్‌లో మొదలైంది. గిటారిస్టు సైమన్ నికొల్ వాళ్లింటి పేరు ఫెయిర్‌పోర్ట్. కుర్రాళ్లు సాధన చేసుకునేది అక్కడే కాబట్టి బృందానికీ ఆ పేరే వచ్చింది. మొదట్లో వీళ్లు ఎక్కువగా అమెరికా వైపు చూసేవారు. బాబ్ డిలన్, జోనీ మిచెల్ పాటలు పాడేవారు. 1968లో శాండీ డెనీ గాయనిగా చేరాక దారి మళ్లింది. ఆమె జానపద క్లబ్బుల్లో పాడి వచ్చిన మనిషి. ఆమెకు వచ్చిన పాత పాటలకు మిగతావాళ్లు వాయిద్యాలు కలపసాగారు. 'ఎ సెయిలర్స్ లైఫ్' అలా తయారైంది. 11 నిమిషాల ఆ పాటను 'అన్‌హాఫ్‌బ్రికింగ్' ఆల్బమ్ కోసం ఒకే టేక్‌లో రికార్డు చేశారు. అందులో ఫిడేలు వాయించడానికి డేవ్ స్వార్‌బ్రిక్‌ను అతిథిగా పిలిచారు.

ఆ ఆల్బమ్ ఇంకా బయటికి రాలేదు. 1969 మే 12 తెల్లవారుజామున, బర్మింగ్‌హామ్‌లో కచేరీ ముగించుకుని లండన్‌కు తిరిగి వస్తుండగా, ఎం1 రహదారి మీద వాళ్ల వ్యాను ప్రమాదానికి గురైంది. డ్రమ్మర్ మార్టిన్ ల్యాంబుల్ చనిపోయాడు. అతనికి 19 ఏళ్లు. గిటారిస్టు రిచర్డ్ థాంప్సన్ స్నేహితురాలు, దుస్తులు రూపొందించే జీనీ ఫ్రాంక్లిన్ కూడా అందులోనే పోయింది. సంగీతకారుడు జాక్ బ్రూస్ అదే ఏడాది తన ఆల్బమ్‌కు 'సాంగ్స్ ఫర్ ఎ టైలర్' అని పేరు పెట్టుకున్నది ఆమె జ్ఞాపకంగానే.

మిగిలినవాళ్లు బృందాన్ని కొనసాగించాలనే అనుకున్నారు. కానీ ల్యాంబుల్ వాయించిన పాటలను మరొకరి చేత వాయింపించి వేదికెక్కడానికి మనసొప్పలేదు. పాత పాటలన్నీ పక్కన పెట్టేశారు. ఈ ఆల్బమ్‌ను ఇష్టపడేవాళ్లు ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఇదే. శతాబ్దాల నాటి కథాగేయాల వైపు వాళ్లు తిరగడంలో కుతూహలం ఎంత ఉందో, దుఃఖమూ అంతే ఉంది.

నిర్మాత జో బాయిడ్ హాంప్‌షైర్‌లో, వించెస్టర్ దగ్గరి ఫార్లీ చేంబర్‌లేన్ అనే పల్లెలో పాతకాలపు పెద్ద ఇల్లొకటి అద్దెకు తీసుకున్నాడు. ఆ వేసవంతా అందరూ అక్కడే ఉండి సాధన చేశారు. స్వార్‌బ్రిక్ పూర్తికాలం సభ్యుడయ్యాడు. కొత్త డ్రమ్మర్ డేవ్ మ్యాటక్స్ డ్యాన్స్ హాళ్ల బృందాల్లో వాయించినవాడు, జానపదం అతనికి కొత్త. ఆ కొత్తదనమే కలిసొచ్చిందని నా అభిప్రాయం. ఈ పాటలకు ఫలానా తాళమే ఉండాలన్న ముందస్తు లెక్క అతని చేతుల్లో లేదు. బేస్ గిటార్ వాయించే యాష్లీ హచింగ్స్ లండన్‌లోని సెసిల్ షార్ప్ హౌస్ గ్రంథాలయంలో కూర్చుని పాత పాటలు వెతికేవాడు. అప్పటికి అర్ధ శతాబ్దం కిందట సెసిల్ షార్ప్ ఊరూరా తిరిగి సేకరించిన సంపద అక్కడుంది. హార్వర్డ్ ఆచార్యుడు ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ 1882 నుంచి 1898 దాకా అచ్చువేసిన 305 కథాగేయాల సంపుటాలు ఈ రంగంలో అందరికీ ఆధారం. ఆల్బమ్‌లోని రెండు పెద్ద పాటలనూ పండితులు ఇప్పటికీ ఆయన వేసిన అంకెలతోనే గుర్తిస్తారు: 'ట్యామ్ లిన్' 39, 'మ్యాటీ గ్రోవ్స్' 81.

1969 సెప్టెంబరు 24న లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్లో కొత్త పాటలు జనం ముందుకొచ్చాయి. ఆ రాత్రి వీళ్లకన్నా ముందు పాడినవాళ్లలో నిక్ డ్రేక్ ఒకడు. అక్టోబరు, నవంబరుల్లో చెల్సీలోని సౌండ్ టెక్నిక్స్ స్టూడియోలో రికార్డింగ్ ముగిసింది.

పాటలు

ఆల్బమ్‌లో ఎనిమిది భాగాలున్నాయి. అన్నీ పాతవి కావు. మొదటి పాట 'కమ్ ఆల్ యీ' డెనీ, హచింగ్స్ రాసుకున్నది. 'ఫేర్‌వెల్ ఫేర్‌వెల్' మాటలు థాంప్సన్‌వి, వరస పాత కథాగేయానిది. చివరిదైన 'క్రేజీ మ్యాన్ మైకేల్' థాంప్సన్ రచన, స్వార్‌బ్రిక్ బాణీ. మాట్లాడే కాకిని మైకేల్ బాకుతో పొడుస్తాడు; చూస్తే చచ్చి పడి ఉన్నది తను ప్రేమించిన అమ్మాయి. ఆ ఏడాది మేలో ఏం జరిగిందో తెలిసిన శ్రోతకు ఈ పాట వింటుంటే గొంతు పట్టేస్తుంది. మధ్యలో నాలుగు నాట్య గతుల గుచ్ఛం ఒకటుంది. ఇంగ్లండులో ఫిడేలు పట్టిన తర్వాతి తరం దాన్ని పాఠంలా నేర్చుకుంది.

అభిమానులు మళ్లీ మళ్లీ వెళ్లేది మాత్రం 'మ్యాటీ గ్రోవ్స్' దగ్గరికే. ఎనిమిది నిమిషాల పాట. పండగపూట గుడికొచ్చిన ప్రభువు భార్య మ్యాటీ అనే కుర్రవాణ్ణి తన ఇంటికి పిలుస్తుంది. సేవకుడొకడు పరుగెత్తి ప్రభువుకు చెప్పేస్తాడు. తెల్లారి కళ్లు తెరిచేసరికి మంచం కాళ్ల దగ్గర ప్రభువు నిలబడి ఉంటాడు. రెండు కత్తుల్లో మంచిదాన్ని మ్యాటీకే ఇచ్చి, మొదటి వేటు కూడా అతన్నే వేయమంటాడు. డెనీ ఈ కథంతా గొంతు పెంచకుండా చెబుతుంది. కుర్రవాడు చచ్చాక ప్రభువు భార్యను తన ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఇద్దరిలో ఎవరు ఇష్టమని అడుగుతాడు. చచ్చిన మ్యాటీయే ఇష్టమంటుంది ఆమె. ఆ జవాబు దగ్గర కూడా డెనీ గొంతు వణకదు. అందుకే వినేవాడి ఒళ్లు జలదరిస్తుంది. కథ ముగిశాక మాటలు ఆగిపోతాయి. థాంప్సన్ గిటారు, స్వార్‌బ్రిక్ ఫిడేలు ఒకదాన్నొకటి తరుముకుంటూ మిగిలిన నిమిషాలన్నీ నింపేస్తాయి. 'ప్రోగ్రెసివ్ రాక్' అన్న మాట ఈ ఆల్బమ్‌కు నప్పేది ఇక్కడే.

అట్ట కూడా అభిమానుల ప్రేమలో భాగమే. ముందు వైపు బూడిద, ఊదా కలిసిన రంగు మీద సభ్యుల ముఖాలుంటాయి. మడత విప్పితే లోపల పల్లె ఆచారాల బొమ్మలు, వాటి వివరాలు. ఒళ్లంతా ముళ్లకాయలు అంటించుకుని వీధులు తిరిగే స్కాట్లండు బర్రీ మ్యాన్, మే డే నాడు పాడ్‌స్టో ఊళ్లో ఆడే గుర్రపు వేషం అందులో కనిపిస్తాయి. షార్ప్, చైల్డ్‌ల చిత్రాలూ ఉంటాయి. రాక్ రికార్డు కొన్న కుర్రవాడి చేతికి జానపద విజ్ఞానం అలా చేరింది.

విడిపోవడం, నిలబడటం

ఆల్బమ్ దుకాణాలకు చేరకముందే బృందం చీలింది. సంప్రదాయంలోకి ఇంకా లోతుగా వెళ్లాలని హచింగ్స్ బయటికొచ్చి స్టీలై స్పాన్ స్థాపించాడు. సొంత పాటలు పాడుకోవాలని డెనీ ఫోదరింగే బృందం కట్టింది. దాంతో ఈ ఆరుగురు కలిసి ఈ పాటలను వేదికల మీద పాడింది కొద్ది నెలలే. డెనీ 1978 ఏప్రిల్‌లో 31 ఏళ్లకే మరణించింది.

'అన్‌హాఫ్‌బ్రికింగ్' దీనికన్నా గొప్పదని గట్టిగా వాదించే అభిమానులు ఉన్నారు. అందులో డెనీ సొంత రచనలు ఉన్నాయి కాబట్టి ఆ వాదన తీసిపారేసేది కాదు. కానీ దారి చూపింది 'లీజ్ అండ్ లీఫ్'. అమెరికాలో లాస్ లోబోస్ బృందం తమ మెక్సికన్ జానపదం వైపు తిరగడానికి ఫెయిర్‌పోర్ట్ కూడా ఒక ప్రేరణ.

సభ్యులు మారుతూ సాగిన ఫెయిర్‌పోర్ట్ వీడ్కోలు కచేరీ 1979 ఆగస్టు 4న జరిగింది. ఆ రోజు మొదట నెబ్‌వర్త్‌లో లెడ్ జెప్లిన్ కచేరీ వేదిక మీద వాయించి, అక్కణ్ణుంచి ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని క్రాప్రెడీ అనే పల్లెకు వచ్చారు. ఆ కచేరీల రికార్డును ఏ సంస్థా తీసుకోలేదు. అప్పటి బేసిస్టు డేవ్ పెగ్, ఆయన భార్య క్రిస్టీన్ వుడ్‌వర్మ్ పేరుతో సొంతంగా విడుదల చేస్తే అభిమానులు కొన్నారు. మరుసటేడు మళ్లీ అక్కడే కలిశారు. వీడ్కోలు కాస్తా ఏటేటా వచ్చే జాతరైంది. ఒకే వేదిక, పొలంలో గుడారాలు, ఆగస్టు వాన. చిన్న ఊరికి ఇరవై వేల మంది దాకా వచ్చిన ఏళ్లున్నాయి. తల్లిదండ్రుల భుజాలెక్కి విన్న పిల్లలు తమ పిల్లల్ని తీసుకొస్తారు.

1999లో స్వార్‌బ్రిక్ ఊపిరితిత్తుల జబ్బుతో ఆసుపత్రిలో ఉండగా డైలీ టెలిగ్రాఫ్ పొరపాటున ఆయన మరణవార్త అచ్చేసింది. అభిమానులు, తోటి కళాకారులు 'స్వార్బ్ ఎయిడ్' పేరుతో కచేరీలు పెట్టి ఆయనకు డబ్బు పోగుచేశారు. 2004లో ఊపిరితిత్తుల మార్పిడి జరిగాక ఆయన మళ్లీ ఫిడేలు పట్టి, 2016 దాకా జీవించాడు.

2006లో బీబీసీ రేడియో 2 శ్రోతలు అన్ని కాలాల్లోకీ అత్యంత ప్రభావం చూపిన జానపద ఆల్బమ్‌గా దీన్ని ఎన్నుకున్నారు. 2007 ఆగస్టులో క్రాప్రెడీ పొలంలో నికొల్, థాంప్సన్, హచింగ్స్, స్వార్‌బ్రిక్, మ్యాటక్స్ ఐదుగురూ కలిసి మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఈ ఆల్బమంతా వాయించారు. డెనీ చోట క్రిస్ వైల్ పాడింది.

క్రాప్రెడీ చివరి రాత్రి 'మ్యాటీ గ్రోవ్స్' ముగింపుకు దగ్గరలో వస్తుంది. ఆ తర్వాత ఒకే పాట, 'మీట్ ఆన్ ద లెడ్జ్'. పొలంలో ఉన్నవాళ్లంతా దాన్ని కలిసి పాడతారు. ఆ పాట 'లీజ్ అండ్ లీఫ్'లో లేదు. మార్టిన్ ల్యాంబుల్ డ్రమ్స్ వాయించిన రికార్డులోది.